పౌరసత్వ దరఖాస్తులో నివాస రుజువు: చట్టం అడిగేది ఒకటి, ఆఫీసులు అడిగేది ఇంకొకటి

పౌరసత్వం మీద చర్చ ఎప్పుడు జరిగినా మతం దగ్గర మొదలై సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. దరఖాస్తు ఫారం ముందు పెట్టుకుని కూర్చున్న మనిషికి మాత్రం అసలు చిక్కు ఇంకోచోట ఎదురవుతుంది. "ఈ దేశంలో ఎప్పటి నుంచి ఉంటున్నారు? రుజువేది?" అని అడిగే గడి దగ్గర.

ఆ గడి దగ్గర తడబడేవారు ఎవరో చూస్తే ఇది కుల ప్రశ్న కూడా అని తెలుస్తుంది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల్లో నమశూద్రులు పెద్ద భాగం. పాకిస్తాన్‌లోని సింధ్ నుంచి వచ్చి రాజస్థాన్, గుజరాత్‌లలో ఉంటున్నవారిలో మేఘ్వాల్, భిల్, కోల్హీ సమూహాలవారు చాలామంది. శ్రీలంక నుంచి వచ్చి తమిళనాడు శిబిరాల్లో ఉంటున్న కొండప్రాంత తమిళుల్లో, ఒకప్పుడు తేయాకు తోటల కూలీలుగా ఓడలెక్కిన దళిత కుటుంబాల వారసులున్నారు. వీరంతా పని చేసుకుని బతికినవారే. బతికిన ఏళ్లకు కాగితం మాత్రం అందరి దగ్గరా లేదు.

ఈ వ్యాసంలో మేం చెప్పదలచుకున్నది ఒకటే. చట్టం అడిగేది నివాసం. నివాసం అంటే ఒక వాస్తవం. కాగితం ఆ వాస్తవానికి సాక్ష్యం మాత్రమే. ఆఫీసుల్లో ఈ రెండూ ఒకటైపోతాయి. కాగితం లేకపోతే మనిషి ఇక్కడ బతకనే లేదన్నట్టు ఫైలు మూసేస్తారు. దరఖాస్తుదారుల పక్కన నిలబడే కార్యకర్తలు, న్యాయ విద్యార్థులు ఈ తేడాను చట్టం మాటల్లోనే చూపించగలగాలి.

1949లో ఆరు నెలలు చాలాయి

ఇప్పుడున్న కొలతలు మొదటి నుంచీ ఉన్నవి కావు. 1949 ఆగస్టులో పౌరసత్వ అధికరణలను రాజ్యాంగ సభ ముందు పెట్టింది బాబాసాహెబ్ అంబేద్కరే. 1946లో ఆయన రాజ్యాంగ సభకు ఎన్నికైంది బెంగాల్ నుంచి. నమశూద్ర నాయకుడు జోగేంద్రనాథ్ మండల్ అండతో వచ్చిన ఆ సభ్యత్వం దేశ విభజనతో పోయింది. తర్వాత బొంబాయి నుంచి మళ్లీ సభలోకి రావాల్సి వచ్చింది. సరిహద్దు గీత మనుషుల్ని ఎలా అటూ ఇటూ చేస్తుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అధికరణ 6 ఏం చెప్పిందో చూడండి. పాకిస్తాన్ ప్రాంతం నుంచి వచ్చినవారు, వారి తల్లిదండ్రులు, తాతలు, అవ్వల్లో ఎవరైనా అవిభక్త భారతంలో పుట్టి ఉండాలి. 1948 జూలై 19కి ముందు వచ్చి అప్పటి నుంచి ఇక్కడే సాధారణంగా నివసిస్తుంటే పౌరులే. ఆ తేదీన గానీ ఆ తర్వాత గానీ వస్తే అధికారి దగ్గర నమోదు చేసుకోవాలి. అందుకు కావాల్సిన నివాసం దరఖాస్తుకు ముందు ఆరు నెలలు మాత్రమే. మొదటి సాధారణ ఎన్నికల జాబితాలు తయారవుతున్నప్పుడు కూడా, ఇక్కడే శాశ్వతంగా ఉండే ఉద్దేశం ఉందని శరణార్థి రాసిచ్చిన ప్రకటన ఆధారంగా పేరు చేర్చుకోమని 1948లో ఆదేశాలు వెళ్లాయి.

లక్షలమంది ఒంటి మీది బట్టలతో వచ్చిన కాలం అది. అప్పుడు మనిషి మాటను నమ్మడానికి కొత్త దేశం సిద్ధపడింది. 1955 చట్టం, ఆ తర్వాతి సవరణలు ఆ నమ్మకాన్ని ఒక్కో మెట్టు తగ్గించుకుంటూ వచ్చాయి. అన్నిటికంటే పెద్ద దెబ్బ 2003 సవరణ. సరైన పత్రాలు లేకుండా వచ్చినవారిని, గడువు దాటి ఉండిపోయినవారిని 'అక్రమ వలసదారు' అని నిర్వచించి, నమోదు దారినీ సహజీకరణ దారినీ రెంటినీ వారికి మూసేసింది. అంటే అలాంటి మనిషి ఇక్కడ 30 ఏళ్లు బతికినా చట్టం లెక్కలో ఆ ఏళ్ల విలువ సున్నా. 2019 సవరణ (సీఏఏ) ఆ తలుపును కొందరికే తీసింది: అఫ్ఘానిస్తాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబర్ 31లోగా వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ, క్రైస్తవులకు. ముస్లింలకు, మయన్మార్ రోహింగ్యాలకు, శ్రీలంక తమిళులకు ఆ తలుపు తెరవలేదు. చట్టం ముందు సమానత్వం చెప్పే అధికరణ 14 మీద నమ్మకమున్న ఎవరికైనా ఇది తప్పుగానే కనిపిస్తుంది. అయినా అదే దారిలో దరఖాస్తు పెడుతున్న దళిత శరణార్థికి సాయం చేయడం మన పనే. రెండూ ఒకేసారి చేయగలం.

ఏళ్ల లెక్క ఎలా వేయాలి

మూడు దారుల్లో మూడు కొలతలున్నాయి.

మొదటిది, సెక్షన్ 5 కింద నమోదు. భారతీయ మూలాలున్నవారికి, భారత పౌరుల్ని పెళ్లాడినవారికి ఇది వర్తిస్తుంది. ఏడేళ్ల సాధారణ నివాసం కావాలి. ఆ ఏడేళ్లను ఎలా లెక్కించాలో చట్టమే వివరణలో చెప్పింది. దరఖాస్తుకు ముందు 12 నెలలు పూర్తిగా ఇక్కడే ఉండాలి. దానికి ముందున్న ఎనిమిదేళ్లలో మొత్తం ఆరేళ్లకు తగ్గకుండా ఉండాలి.

రెండోది, సెక్షన్ 6 కింద సహజీకరణ. ఇక్కడా చివరి 12 నెలలు పూర్తిగా ఉండాలి. దానికి ముందున్న 14 ఏళ్లలో మొత్తం 11 ఏళ్లు ఉండాలి.

మూడోది, సీఏఏ తెచ్చిన సెక్షన్ 6బి. ఈ దారిలో సహజీకరణకు 11 ఏళ్ల బదులు ఐదేళ్లు చాలు.

ఒక ఉదాహరణ చూద్దాం. సెక్షన్ 5 కింద ఒకావిడ 2025 జూలై 1న దరఖాస్తు పెట్టిందనుకుందాం. 2024 జూలై 1 నుంచి 2025 జూన్ 30 వరకు ఆమె దేశం దాటి వెళ్లి ఉండకూడదు. ఇక 2016 జూలై 1 నుంచి 2024 జూన్ 30 వరకున్న 96 నెలల్లో 72 నెలలు ఇక్కడ ఉంటే చాలు. మిగిలిన 24 నెలలు ఎక్కడున్నా ఇబ్బంది లేదు. అవి ఒకేసారి రావాలని గానీ విడివిడిగా ఉండాలని గానీ షరతు లేదు. మొత్తమే లెక్క. చివరి 12 నెలల్లో తల్లి చావుకో చెల్లి పెళ్లికో సరిహద్దు దాటి వెళ్లాల్సి వచ్చిందనుకోండి. ప్రత్యేక పరిస్థితులుంటే, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి, మొత్తం 30 రోజుల వరకు సడలించే అధికారం 2015 సవరణతో కేంద్రానికి వచ్చింది. అలాంటి ప్రయాణాన్ని దాచిపెట్టకూడదు. కారణం రాసి సడలింపు అడగాలి.

ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఇంకొకటుంది. చట్టం అడిగేది 'భారతదేశంలో' నివాసం. ఒకే జిల్లాలో, ఒకే ఇంట్లో ఉండాలని ఎక్కడా అనలేదు. ఒడిశాలోని మల్కన్‌గిరిలో ఉండే కుటుంబం ఏటా ఆరు నెలలు హైదరాబాద్ చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో పనిచేస్తే వారి నివాసం తెగిపోదు. అక్కడా ఇక్కడా ఉన్నది భారతదేశంలోనే. ఆఫీసులు మాత్రం 'ఈ చిరునామాలో నిరంతరంగా ఉన్నట్టు' రుజువు అడుగుతాయి. ఇల్లూ పొలమూ ఉన్నవాడికి ఆ రుజువు తేలిక. వలస కూలీకి అసాధ్యం. చట్టంలో లేని షరతును అలవాటు కొద్దీ చేర్చడం అంటే ఇదే.

'సాధారణ నివాసి' అన్న మాటను పౌరసత్వ చట్టం విడిగా నిర్వచించలేదు. పోల్చి చెప్పడానికి మనకున్న మంచి ఆధారం 1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని సెక్షన్ 20. ఒక చోట ఇల్లు ఉన్నంత మాత్రాన మనిషి అక్కడి సాధారణ నివాసి అయిపోడని, తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన ఆ హోదా పోదని అది చెబుతుంది. ఆ నిర్వచనం ఓటర్ల జాబితా కోసం రాసింది కాబట్టి పౌరసత్వ దరఖాస్తుకు నేరుగా అతకదు. కానీ వాదనగా పనికొస్తుంది: నివాసాన్ని ఆస్తితో కొలవకూడదని పార్లమెంటే ఒకసారి ఒప్పుకుంది.

రెండు పట్టికలు, రెండు వేర్వేరు ప్రశ్నలు

సెక్షన్ 6బిని అమలు చేసే నిబంధనలు 2024 మార్చి 11న వచ్చాయి. వాటిలో రెండు పట్టికలున్నాయి. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి తికమక పడతారు.

1ఏ పట్టికలో తొమ్మిది రకాల పత్రాలున్నాయి. దరఖాస్తుదారు ఆ మూడు దేశాల్లో ఒకదానికి చెందినవారని చూపడానికి అవి. అక్కడి పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం, బడి సర్టిఫికెట్, భూమి లేదా కౌలు రికార్డు వంటివి ఇందులో వస్తాయి. తల్లిదండ్రులు, తాతలు, ముత్తాతల్లో ఒకరు ఆ దేశ పౌరులని చూపే పత్రం కూడా చెల్లుతుంది. అలాంటి పత్రం భారతదేశంలోని ప్రభుత్వం గానీ న్యాయస్థానం గానీ ఇచ్చినదైనా ఆమోదించవచ్చని 2024 జూలైలో కేంద్ర హోంశాఖ స్పష్టం చేసింది. పాత శరణార్థి కుటుంబాలకు ఈ వివరణ చాలా ముఖ్యం. తాత పేరు మీద ఇచ్చిన పునరావాస భూమి పత్రంలో 'తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చినవారు' అని రాసి ఉంటే అది ఈ గడిలోకి వస్తుంది.

1బి పట్టికలో 20 రకాల పత్రాలున్నాయి. 2014 డిసెంబర్ 31లోగా భారతదేశంలోకి వచ్చారని చూపడానికి అవి. వీసా ముద్ర, రేషన్ కార్డు, ఆధార్, జనాభా లెక్కలవారు ఇచ్చిన చీటీ, ఇక్కడ పుట్టిన జనన పత్రం, కరెంటు బిల్లు, బ్యాంకు లేదా పోస్టాఫీసు ఖాతా, బీమా పాలసీ, పీఎఫ్ లేదా ఈఎస్ఐ కాగితం, బడి మానేసినప్పటి టీసీ, పెళ్లి సర్టిఫికెట్, కోర్టు రికార్డు, పంచాయతీ లేదా మున్సిపాలిటీలో ఎన్నికైన సభ్యులో అక్కడి అధికారో రెవెన్యూ అధికారో ఇచ్చే ధ్రువపత్రం. వీటన్నిటినీ తెమ్మని కాదు. గడువు తీరిన పత్రమైనా చెల్లుతుంది.

1బి అసలు అడుగుతున్నది ఏమిటో ఆలోచిస్తే సగం భయం తగ్గుతుంది. 2014 చివరికే వచ్చి ఇక్కడే ఉంటున్నవారికి ఐదేళ్లూ ఏడేళ్లూ ఎప్పుడో నిండిపోయాయి. కాబట్టి ఈ పట్టిక ఏళ్ల పొడవును కొలవడం లేదు. ఒక్క తేదీ అడుగుతోంది. ఆ తేదీకి ముందు ఈ దేశంలో ఉన్నట్టు ఒక గట్టి గుర్తు దొరికితే ఈ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. అందుకే కాగితం మీద తేదీ కనబడటం ముఖ్యం. ఆధార్ కార్డును తర్వాత మళ్లీ ముద్రించుకుని ఉండొచ్చు. మొదట నమోదైనప్పుడు ఇచ్చిన రసీదు ఉంటే అది వెతకాలి. పాన్ కార్డుకూ అంతే, జారీ అయిన తేదీ ఉన్న పత్రం కావాలి.

ఇంకో ప్రశ్న తరచూ వస్తుంది. 'ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదంటారు, మళ్లీ ఇక్కడ ఎలా తీసుకుంటారు?' రెండు మాటలూ నిజమే. ఆధార్ చట్టం ప్రకారం నమోదుకు ముందు 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉన్న ఎవరికైనా ఆధార్ ఇవ్వొచ్చు, పౌరులే కానక్కర్లేదు. అది పౌరసత్వానికి రుజువు కాదని అదే చట్టంలోని సెక్షన్ 9 చెబుతుంది. కానీ ఆ మనిషి ఆ రోజుల్లో ఇక్కడ ఉన్నట్టు చెప్పడానికి పనికొస్తుంది. నివాసానికి సాక్ష్యం వేరు, పౌరసత్వానికి సాక్ష్యం వేరు.

పట్టికలో లేని మనుషులు

20 రకాలు చూస్తే చాలా ఉదారంగా అనిపిస్తుంది. వాటిని ఒక భూమిలేని కుటుంబం కళ్లతో చదవండి. భూమి రికార్డు లేదు. ఇల్లు పోరంబోకులో ఉంది కాబట్టి కరెంటు మీటరు లేదు, పక్కింటి నుంచి తీగ లాక్కున్నారు. మేస్త్రీ చేతికి డబ్బు ఇస్తాడు కాబట్టి పీఎఫ్ లేదు. బీమా లేదు. అద్దె ఒప్పందం నోటిమాటే. ఆడవాళ్ల సంగతి మరీ దారుణం. పుట్టింటి రికార్డులో తండ్రి కూతురు, అత్తింటి రికార్డులో భర్త భార్య. ఇద్దరూ ఒకే మనిషి అని చెప్పే కాగితం ఉండదు.

అస్సాం అనుభవం ఇక్కడ అక్కరకొస్తుంది. అక్కడి ఎన్ఆర్సీలో పెళ్లై వేరే ఊరు వెళ్లిన సుమారు 48 లక్షలమంది ఆడవాళ్లు గ్రామ పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన ధ్రువపత్రం పెట్టారు. అది చెల్లదని 2017 ఫిబ్రవరిలో గౌహతి హైకోర్టు అంది. అదే ఏడాది డిసెంబర్ 5న రూపజాన్ బేగం కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనబెట్టింది. అది తనంతట తాను పౌరసత్వానికి రుజువు కాదు, కానీ ఆమెను పుట్టింటితో కలిపే లంకె పత్రంగా తీసుకుని, అందులో రాసింది నిజమో కాదో విచారించాలి అంది. ఆ తీర్పు అస్సాం ప్రక్రియకు సంబంధించింది. అయినా దానిలోని సూత్రం మనకు కావాలి: కాగితం చిన్న అధికారి ఇచ్చాడని తోసేయొద్దు, విచారించి తేల్చండి.

పేర్లలో తేడాలు ఇంకో ఉచ్చు. ఒక కాగితంలో 'మొండల్', ఇంకోదాంట్లో 'మండల్'. వయసు ఒకచోట 40, ఇంకోచోట 43. రాసుకున్నది గుమాస్తా, శిక్ష మాత్రం చదువురాని మనిషికి. 2024 జూలైలో రహీమ్ అలీ కేసులో సుప్రీంకోర్టు, పేర్ల అక్షరాల్లో, తేదీల్లో చిన్న తేడాల్ని పట్టుకుని మనిషిని విదేశీయుడని తేల్చకూడదని చెప్పింది. ఈ తీర్పు కాపీ ప్రతి సహాయ కేంద్రంలో ఉండాలి.

ముందు అడగాల్సిన ప్రశ్న: అసలు దరఖాస్తు అవసరమా?

నివాస రుజువుల వేటలో పడే ముందు పుట్టిన తేదీ చూడాలి. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా భారతదేశంలో పుట్టినవారు, తల్లిదండ్రులు ఎవరైనా సరే, పుట్టుకతో పౌరులే. మినహాయింపులు విదేశీ దౌత్యవేత్తల పిల్లల్లాంటి అతి కొద్దిమందికే. 1987 జూలై 1 నుంచి 2004 డిసెంబర్ 3కి ముందు పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలి. ఆ తర్వాత పుట్టినవారికి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. శరణార్థి కుటుంబంలో 1980లో ఇక్కడ పుట్టిన కొడుకు తండ్రితో పాటు సీఏఏ ఫారం నింపితే, తనకు ముందే ఉన్న హక్కును తానే కాదనుకున్నట్టవుతుంది.

ఎందుకంటే ఈ ఫారం నింపడం చిన్న పని కాదు. అందులో సంతకం పెట్టే మనిషి 'నేను ఫలానా దేశం వాణ్ణి, ఫలానా రోజు ఇక్కడికి వచ్చాను' అని రాసిస్తున్నాడు. ఇన్నేళ్లు ఓటేసి, రేషన్ తెచ్చుకుని, తనను పౌరుడే అనుకున్న నమశూద్ర రైతుకు ఇది కత్తి మీద సాము. దరఖాస్తు పెట్టినందువల్ల అప్పటివరకు ఉన్న హక్కులు, సౌకర్యాలు పోవని సెక్షన్ 6బి హామీ ఇస్తోంది. పౌరసత్వం దక్కితే పాత కేసులు రద్దవుతాయి, వచ్చిన రోజు నుంచే పౌరుడిగా లెక్కిస్తారు. దరఖాస్తు తిరస్కరిస్తే ఆ మనిషి గతేమిటో మాత్రం సెక్షన్ చెప్పదు. తాను రాసిచ్చిన ప్రకటన ఫైల్లోనే ఉంటుంది. ఆ సంగతి చెప్పకుండా ఎవరి చేతా సంతకం పెట్టించకూడదు.

2025 సెప్టెంబర్‌లో వచ్చిన ఉత్తర్వు మీద కూడా చాలా అపోహలున్నాయి. 2024 డిసెంబర్ 31 వరకు వచ్చిన అవే ఆరు మతాలవారికి పాస్‌పోర్టు, వీసా నిబంధనల నుంచి అది మినహాయింపు ఇచ్చింది. ఉండనిస్తుంది, అంతే. సెక్షన్ 6బిలోని 2014 గడువు మారలేదు.

పౌరసత్వం వచ్చాక మళ్లీ నివాసమే

సర్టిఫికెట్ చేతికొచ్చిన దళితుడికి నివాస ప్రశ్న అక్కడితో అయిపోదు. కుల ధ్రువీకరణ దగ్గర మళ్లీ లేస్తుంది. ఎస్సీ జాబితా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఒక రాష్ట్రంలో గుర్తింపు ఉన్నవారు ఇంకో రాష్ట్రానికి వెళ్తే అక్కడ ఆ గుర్తింపుతో రిజర్వేషన్ అడగలేరని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి మహారాష్ట్రలో చదువుకున్న ఎస్టీ విద్యార్థి వేసిన కేసు అది.

ఈ సూత్రం శరణార్థుల మీద ఎలా పడుతుందో తెలంగాణలోనే చూడొచ్చు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్ ప్రాంతంలో బెంగాలీ శరణార్థి కుటుంబాలకు పునరావాసం కల్పించారు. నమశూద్రులు పశ్చిమ బెంగాల్‌లో ఎస్సీలు. తెలంగాణ ఎస్సీ జాబితాలో ఆ కులం లేదు. ఎక్కడ దింపాలో నిర్ణయించింది ప్రభుత్వం. దిగిన చోటును బట్టి కులం గుర్తింపు పోగొట్టుకున్నది మాత్రం శరణార్థులు.

సహాయ కేంద్రాల్లో పాటించాల్సినవి

మొదట పుట్టిన తేదీ, పుట్టిన చోటు రాసుకోవాలి. ఒక్కో మనిషికి ఒక్కో ఫైలు తెరవాలి, కుటుంబానికంతా ఒకటి కాదు. తర్వాత ఏ సెక్షన్ కింద వెళ్తున్నామో తేల్చాలి. సెక్షన్ 5, 6 దారుల్లో చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, నివాస అనుమతి లేదా లాంగ్ టర్మ్ వీసా కీలకం. 6బిలో అవి గడువు తీరినా ఫర్వాలేదు.

కాగితాల్ని తేదీల వరుసలో పెట్టాలి. ఖాళీ ఉన్న చోట ఎందుకు ఖాళీ ఉందో అఫిడవిట్‌లో రాయాలి. పిల్లల బడి రిజిస్టర్లు, ప్రసూతి ఆస్పత్రి చీటీలు, టీకా కార్డులు, ఉపాధి హామీ జాబ్ కార్డులు చూడాలి. జాబ్ కార్డు ప్రభుత్వ పత్రమే. ఆడవాళ్ల విషయంలో పుట్టింటి ఊరికీ అత్తింటి ఊరికీ లంకె కలిపే పంచాయతీ పత్రం ముందే తీసుకోవాలి.

6బి దరఖాస్తుల్ని పరిశీలించే జిల్లా కమిటీకి తపాలా శాఖ సూపరింటెండెంట్, రాష్ట్ర స్థాయి సాధికార కమిటీకి జనగణన డైరెక్టర్ నాయకత్వం వహిస్తారు. జిల్లా కమిటీ ముందు దరఖాస్తుదారు స్వయంగా హాజరై విధేయతా ప్రమాణం చేయాలి. పిలిచినప్పుడు రాకపోతే తిరస్కరించే వీలుంది. వలస పనిలో ఉన్న మనిషికి ఆ కబురు అందేలా చూడటం మన బాధ్యత. అధికారి నోటిమాటగా 'ఇది చాలదు' అంటే ఏది చాలదో, ఏ నిబంధన కింద చాలదో రాసిమ్మని అడగాలి. రాసిన కారణాన్నే కోర్టులో ప్రశ్నించగలం.

ఇదంతా చేస్తూనే పెద్ద ప్రశ్నను వదలకూడదు. ఈ నేల మీద రోడ్లు వేసినవారు, పంట కోసినవారు ఇక్కడ ఉన్నారనడానికి వారి పనే సాక్ష్యం. విచారణ చేసి ఆ సాక్ష్యాన్ని నమోదు చేసుకోవాల్సింది రాజ్యం. ఆ బరువంతా కాగితం లేనివారి నెత్తిన పెట్టే పద్ధతి మారాలని, మతాన్ని బట్టి తలుపులు తీసే చట్టం పోవాలని మన డిమాండ్. 1949లో ఆరు నెలల నివాసంతో సరిపెట్టుకున్న దేశానికి ఇది కొత్తగా నేర్పాల్సిన సంగతి కాదు.